ఓల్టేజీ తగ్గితే ఆంపియర్లు పెరుగుతున్నాయి. పదో తరగతి ఓమ్ నియమం ఇక్కడ ఎందుకు పనిచేయడం లేదు?

ప్రశ్న (మోటార్ వైండింగ్, నర్సంపేట)

అందరికీ నమస్కారం. నాది నర్సంపేటలో మోటార్ వైండింగ్ షాపు. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. నేను చదివింది పదో తరగతి వరకే. ఇక్కడ సార్లు, ఇంజనీరింగ్ పిల్లలు ఉంటారని తెలిసి అడుగుతున్నాను.

మా పెద్ద బిడ్డ ఈ సంవత్సరం టెన్త్. గవర్నమెంటు హైస్కూలు, తెలుగు మీడియం. బడి వదిలాక ఒక గంట నా షాపులోనే కూర్చుని చదువుకుంటుంది, ఇంట్లో తమ్ముడు చదవనీయడు. మొన్నొక సాయంత్రం విద్యుత్ ప్రవాహం పాఠం పైకి చదువుతోంది. "పొటెన్షియల్ భేదం పెరిగితే కరెంటు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది." అప్పుడు నేను కాలిపోయిన ఐదు హెచ్‌పి మోటారు విప్పి కాయిల్ కోసి తీస్తున్నాను. పాకాల వైపు నుంచి వచ్చిన రైతుది. యాసంగి నాట్ల మీద ఉన్నాడు, తెల్లారేసరికి మోటారు కావాలని మధ్యాహ్నం నుంచి బెంచీ మీదనే కూర్చున్నాడు.

"ఎందుకు కాలింది బాపూ?" అంది.

"లో ఓల్టేజీ బిడ్డా. ఓల్టేజీ పడిపోతే మోటారు ఆంపియర్లు ఎక్కువ గుంజుతుంది. కాయిల్ వేడెక్కి వార్నిష్ కాలిపోతుంది."

"తప్పు బాపూ. ఓల్టేజీ తగ్గితే కరెంటు తగ్గాలి. అది ఓమ్ నియమం."

నేను ఇన్నేళ్ళు చూసిందే చెప్పాను. అది పుస్తకంలో ఉన్నదే చెప్పింది. ఎవరిది తప్పో చూద్దామని ఆదివారం ఆ మోటారు బిగించడానికి పోయేటప్పుడు బండి మీద వెంట తీసుకుపోయాను. పొద్దున ఆరున్నరకు స్టార్టర్ దగ్గర 415 ఓల్టులు ఉంది, టాంగ్ టెస్టర్ (తీగను దవడలో పట్టుకుని కరెంటు కొలిచే మీటరు) పెడితే 7.5 ఆంపియర్లు. తొమ్మిది దాటాక చుట్టుపక్కల మోటార్లన్నీ నడుస్తున్నాయి. ఓల్టేజీ 330కి దిగింది. ఆంపియర్లు 9.3. దూరంగా నిలబడి అంకెలన్నీ తనే నోట్‌బుక్‌లో రాసుకుంది. ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంకోటి కూడా అడిగింది. బిగించే ముందు కాయిల్ నిరోధం మల్టీమీటర్‌తో చూస్తే నాలుగు ఓములు చూపించింది. "415ని 4తో భాగిస్తే వంద దాటాలి కదా బాపూ, ఏడున్నరే ఎందుకు వస్తోంది?" అని. కొన్ని వందల మోటార్లు చుట్టాను, ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

బడిలో అడిగితే అది సిలబస్‌లో లేదు, పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయమన్నారట. మార్చిలో పరీక్షలు, వాళ్ళ తొందర వాళ్ళది, నాకు అర్థమవుతుంది. కానీ నాకు టెన్షన్ ఏమిటంటే, బిడ్డ మనసులో పుస్తకం ఒకటి, పొలం దగ్గరి మోటారు ఇంకొకటి అని పడిపోతే ఇక చదివేదంతా పరీక్ష కోసమే అనుకుంటుంది. దయచేసి టెన్త్ పిల్లకు అర్థమయ్యేటట్టు చెప్పండి. ఫార్ములా ఒకటి రాసి వదిలేయవద్దు.


జవాబు 1 (రైతు, పరకాల)

అన్నా, కారణం నాకు తెలియదు గాని నీ బిడ్డ రాసుకున్న అంకెలు అచ్చంగా మా దగ్గరివే. మా ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న మోటార్లన్నిటికీ ఆటో స్టార్టర్లే. కరెంటు పోయి వచ్చిందంటే అన్నీ ఒక్కసారే లేస్తాయి. లైట్లు ఎర్రగా అయిపోతాయి. రెండేళ్ళలో రెండు సార్లు నా మోటారు కాలింది. సార్లు ఎవరైనా చెప్తే నాకూ కావాలి.


జవాబు 2 (రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచర్, హనుమకొండ)

తమ్ముడూ, మీ పాప చెప్పిందీ నిజమే, మీ టాంగ్ టెస్టర్ చెప్పిందీ నిజమే. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు హైస్కూల్లో ఈ పాఠం చెప్పాను. ఇంత మంచి ప్రశ్న, అదీ కొలిచిన అంకెలతో సహా, ఏ విద్యార్థీ నా దగ్గరికి తేలేదు. ముందు ఆ పాపకు నా ఆశీస్సులు చెప్పండి.

ఓమ్ నియమం మొదటి మాట ఏమిటో పాపను అడగండి. "స్థిర ఉష్ణోగ్రత వద్ద" అని మొదలవుతుంది. ఆ తర్వాత "వాహకం" అనే మాట వస్తుంది. పిల్లలు ఈ రెండూ దాటేసి సూత్రం పట్టుకుంటారు. మేమూ అలాగే నేర్పాం. ఆ మాట రాయకపోతే అర మార్కు పోతుందని చెప్పానే తప్ప, ఆ మాట ఎందుకు ఉందో చాలా ఏళ్ళు నేను క్లాసులో ఆగి చెప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఓమ్ జర్మనీలో హైస్కూలు ఉపాధ్యాయుడు. తండ్రి తాళాలు చేసే పనివాడు, సొంతంగా చదువుకుని కొడుకులకు తనే లెక్కలు, సైన్సు నేర్పాడు. (మీ షాపులో మీ పాప కూర్చుని చదవడం గురించి చదవగానే నాకు ఆయనే గుర్తొచ్చాడు.) ఆ రోజుల్లో బ్యాటరీల వోల్టేజి నిలకడగా ఉండేది కాదు. అందుకని ఓమ్ రెండు లోహాల అతుకులను ఒకటి మరిగే నీళ్ళలో, ఒకటి మంచులో ఉంచి, ఆ ఉష్ణోగ్రతల తేడాతో పుట్టే నిలకడైన వోల్టేజిని వాడాడు. తీగ పొడవు మార్చుకుంటూ కరెంటు కొలిచాడు. 1827లో నియమం అచ్చయింది. ఆయన కొలిచింది లోహపు తీగలను. తీగకు కరెంటు ఇస్తే వేడెక్కుతుంది, అంతకుమించి అది ఏ పనీ చేయదు. మోటారు అలా కాదు, నీళ్ళు ఎత్తుతుంది.

నేను చెప్పిన టెన్త్ పుస్తకంలో ఓమ్ నియమం కృత్యం ముందు ఇనుప సైకిల్ పుల్లతో చేయమనీ, తర్వాత అదే ఎల్‌ఈడీతో చేయమనీ ఉండేది. పుల్లకు వోల్టేజి, కరెంటుల నిష్పత్తి మారదు. ఎల్‌ఈడీకి మారుతుంది. అంటే ఈ నియమం అన్నిటికీ వర్తించదని ఆ పాఠంలోనే ఉంది. చాలా బళ్ళలో పుల్ల దగ్గరే ఆగిపోతారు.

ఇప్పుడు మీ షాపులో చేయగలిగింది ఒకటి. పాత వంద వాట్ల ఫిలమెంటు బల్బు దొరికితే, కరెంటు ఇవ్వకుండా, చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో నిరోధం చూడండి. 40 ఓములకు అటూ ఇటూ వస్తుంది. 230ని 40తో భాగిస్తే ఐదు ఆంపియర్లు దాటాలి. కానీ వంద వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు తీసుకునేది అర ఆంపియర్ కూడా కాదు, 0.43. తీగ తెల్లగా కాగి నిరోధం 500 ఓములు దాటుతుంది. "స్థిర ఉష్ణోగ్రత" అనే మాట ఎందుకుందో ఈ ఒక్క కొలతతో పాపకు అర్థమవుతుంది.

ఇక మోటారు సంగతి. ఇది విద్యుదయస్కాంతత్వం పాఠంలోకి వస్తుంది. అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట తిరిగితే దానిలో వోల్టేజి పుడుతుందని ఫారడే 1831లో కనిపెట్టాడు. మోటారు కూడా అయస్కాంత క్షేత్రంలో తిరిగే చుట్టే కదా! కాబట్టి తిరిగే మోటారు తనలో తాను ఒక వోల్టేజిని పుట్టిస్తుంది. అది మనం ఇచ్చే వోల్టేజికి ఎదురుగా ఉంటుందని లెంజ్ నియమం చెబుతుంది. బండిని మీరు ఇటు నుంచి తోస్తుంటే అటు నుంచి ఇంకొకరు కొంచెం తక్కువ బలంతో తోస్తున్నట్టు. మిగిలిన కాస్త తేడాయే కరెంటును నడుపుతుంది. మోటారు నెమ్మదిస్తే ఎదురు తోపు తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది. జామ్ అయిన మోటారు ఎంత కరెంటు లాగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. అక్కడ ఎదురు తోపు అసలు లేదు.

దీన్ని చేతితో చూపించాలంటే బొమ్మ కారులోని చిన్న మోటారు, రెండు సెల్లులు, మీ మల్టీమీటర్ చాలు. మీటరును ఆంపియర్లలో పెట్టి మోటారును నడపండి. తర్వాత ఇరుసును వేలితో మెల్లగా నొక్కమనండి. నొక్కిన కొద్దీ కరెంటు పెరుగుతుంది. సెల్లులు అవే, తీగ అదే. త్రీఫేజు దగ్గరికి మాత్రం పాపను రానివ్వకండి.

పాప అంకెలనే తీసుకుని లెక్క చూద్దాం. నీళ్ళ మట్టం అదే, పైపు అదే, కాబట్టి మోటారు చేయాల్సిన పని దాదాపు అంతే. 415ని 7.5తో హెచ్చిస్తే 3112. వోల్టేజి 330కి పడ్డాక అంత సామర్థ్యమే కావాలంటే 3112ను 330తో భాగించాలి, 9.4 వస్తుంది. పాప కొలిచింది 9.3! ఇది చూసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. కాయిల్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 9.3ను 7.5తో భాగించి వర్గం చేస్తే 1.54. అంటే ఆ పూట కాయిల్‌లో ఒకటిన్నర రెట్ల వేడి. మీరు చెప్పిన వార్నిష్ కాలడం అదే.

ఓమ్ నియమం మీ పొలం దగ్గర పనిచేయడం లేదని మాత్రం పాపను అనుకోనివ్వకండి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే తీగల్లో అది ఉంది. ఇరవై మోటార్లు తలా 7.5 లాగితే లైన్లో 150 ఆంపియర్లు. లైను నిరోధం పావు ఓమ్ ఉన్నా, 150ని పావుతో హెచ్చిస్తే ఒక్కో ఫేజులో 37 వోల్టులకు పైగా దారిలోనే పోతాయి. వోల్టేజి పడిపోవడానికి కారణం చెప్పేది పాప చదివిన సూత్రమే. ఆ సూత్రం తీగకు వేయాలి, మోటారుకు వేయకూడదు.


జవాబు 3 (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, ఈఈఈ, మూడో సంవత్సరం, కాజీపేట)

అంకుల్, నేనూ టెన్త్ వరకు తెలుగు మీడియమే. సార్ చెప్పినదానికి ఒక్కటి కలపాలి. బొమ్మ మోటారు డీసీ, అందులో తిరిగే చుట్టకే కరెంటు వెళ్తుంది. మీరు చుట్టే మోటార్లలో రోటర్‌కి, అంటే లోపల తిరిగే భాగానికి, తీగే ఇవ్వరు కదా. అవి ఇండక్షన్ మోటార్లు. స్టేటర్ (మీరు చుట్టే కదలని కాయిల్) ఒక ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ, అంటే కరెంటు ఇచ్చే చుట్ట, లాంటిది; రోటర్ తిరిగే సెకండరీ, అంటే కరెంటు పుట్టే రెండో చుట్ట, లాంటిది.

వంద ఆంపియర్ల ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఏసీ కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి స్టేటర్ కాయిల్‌లో అయస్కాంత క్షేత్రం ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. ఆ మారే క్షేత్రం అదే కాయిల్‌లో ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది, సప్లైకి దాదాపు సమానంగా. అందుకే ఏడున్నర దగ్గర ఆగుతుంది. అదే కాయిల్‌కి 415 వోల్టుల డీసీ ఇస్తే మీ చెల్లి లెక్క ప్రకారం నిజంగా వంద దాటి నిమిషాల్లో కాలిపోతుంది. మల్టీమీటర్ చిన్న డీసీతో కొలుస్తుంది, అందుకే దానికి నాలుగు ఓములే కనిపించాయి.

(మీ చెల్లి అని రాశాను, మీ బిడ్డ. నాకు చెల్లెలి వయసు, అందుకు.)

లో వోల్టేజిలో ఏమవుతుందంటే, నేమ్‌ప్లేట్ మీద వేగం 2880 అని ఉంటుంది చూడండి, అంటే నిమిషానికి 2880 చుట్లు. స్టేటర్ అయస్కాంత క్షేత్రం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది, రోటర్ 120 చుట్లు వెనకబడుతుంది. ఆ వెనకబాటు వల్లే రోటర్ కడ్డీల్లో కరెంటు పుడుతుంది. అదే వెనకబాటు దగ్గర తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 330ని 415తో భాగించి వర్గం చేస్తే 0.63. బలం 63 శాతానికి పడిపోయింది, నీళ్ళ బరువు మాత్రం అంతే. కాబట్టి రోటర్ ఇంకా వెనకబడుతుంది, 2810కి అటూ ఇటూ వస్తుంది. వెనకబడిన కొద్దీ కడ్డీల్లో కరెంటు పెరుగుతుంది, దానికోసం స్టేటర్ కూడా ఎక్కువ లాగాలి.

ఇలా పుట్టే వోల్టేజికి పుస్తకంలో పేరు "ప్రేరిత విద్యుచ్ఛాలక బలం". ఆ మాట టెన్త్‌లో బట్టీ పట్టి రాశాను, మార్కులు వచ్చాయి. అదేమిటో ఇంజనీరింగ్ రెండో ఏట ల్యాబులో, నడుస్తున్న మోటారుకు బ్రేకు వేసి అమ్మీటరు ముల్లు లేవడం చూసినప్పుడు తెలిసింది. మీ బిడ్డ పదో తరగతిలోనే చూసింది.


జవాబు 4 (రైతు, పరకాల)

సార్, మేడం, ఇద్దరికీ దండాలు. లెక్కలు పూర్తిగా అందలేదు గాని నీళ్ళ బరువు తగ్గదన్న మాట అందింది. అన్నా, మరి నా మోటారు సంగతి ఏం చేయాలి?


ప్రశ్న అడిగినవారు (మోటార్ వైండింగ్, నర్సంపేట)

ముందు పరకాల అన్నకు. నీ స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ఉందా, లేక మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి డైరెక్టు చేయించావా? నా దగ్గరికి వచ్చే కాలిన మోటార్లలో చాలావాటికి రిలే డైరెక్టు చేసే ఉంటుంది. రిలే ఓల్టేజీని చూడదు, ఆంపియర్లనే చూస్తుంది. 330కి పడినప్పుడు అది తన్ని ఆగిపోవడం దాని పని, చెడిపోవడం కాదు. ఐదు హెచ్‌పికి నేమ్‌ప్లేట్ మీద ఎన్ని ఆంపియర్లు ఉంటే అక్కడికే సెట్ చేయించు. ఆటో స్టార్టర్ తీసెయ్యి, అది ఉండాల్సిందే అనుకుంటే టైమర్ పెట్టించి మీ పక్కవాళ్ళతో మాట్లాడుకుని ఒకరి తర్వాత ఒకరు లేచేటట్టు చేసుకోండి.

సార్, మీ జవాబు ప్రింటు తీసి బిడ్డకు ఇచ్చాను. పాత సామాన్లలో వంద వాట్ల బల్బు ఒకటి దొరికింది. చల్లగా ఉన్నప్పుడు 38 ఓములు చూపింది. తను నమ్మలేదు, మీటరు మార్చి మళ్ళీ చూసింది. బొమ్మ మోటారు తమ్ముడి కారులోంచి తీశాము, వాడు ఏడ్చాడు, తిరిగి పెట్టి ఇచ్చాము. ఇరుసు నొక్కుతూ మీటరు వైపే చూస్తూ చాలాసేపు కూర్చుంది. నాకూ కొత్తగానే ఉంది సార్. జామ్ అయితే ఆంపియర్లు ఎక్కుతాయని చేతికి తెలుసు, ఎదురు తోపు అనే మాట ఇప్పుడే విన్నాను.

ఇప్పుడు బిడ్డ ఇంకో ప్రశ్న పట్టుకుంది. "ఓల్టేజీ తగ్గితే మోటారుకు కరెంటు పెరిగితే, ఫ్యాను రెగ్యులేటర్ తగ్గించినప్పుడు ఫ్యాను కాలిపోవాలి కదా? అదీ మోటారే కదా?"

నేను జవాబు చెప్పలేదు, కొలుద్దాం పద అన్నాను. ఫ్యాను తీసుకునేది చాలా తక్కువ, నా టాంగ్ టెస్టర్‌లో సరిగ్గా రాదు. అలాంటప్పుడు మేము తీగను దవడలోంచి పది చుట్లు తిప్పుతాము, పది రెట్లు చూపిస్తుంది, తర్వాత పదితో భాగించుకుంటాము. షాపు ఫ్యానుకు మెయిన్ ఆపి అలా చుట్టి ఇచ్చాను. రెగ్యులేటర్ 5 మీద 3.2 చూపింది, అంటే 0.32 ఆంపియర్లు. 2 మీద 1.9. ఇక్కడ తగ్గింది!

రాత్రి అన్నం తిన్నాక నోట్‌బుక్‌లో ఇలా రాసింది, ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను: "ఓల్టేజీ తగ్గినా పంపు మోటారు వేగం 2880 నుంచి 2810కే తగ్గింది, కాబట్టి నీళ్ళ భారం దాదాపు అంతే ఉంది. ఫ్యాను బాగా నెమ్మదించింది, కాబట్టి అది తోసే గాలి తగ్గింది, పని తగ్గింది, కరెంటు తగ్గింది." ఇది సరేనా సార్?


జవాబు 5 (రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచర్, హనుమకొండ)

సరే తమ్ముడూ. వాక్యం పూర్తిగా సరే. కాజీపేట అమ్మాయి చెప్పిన 2810ని ఎక్కడ వాడాలో తనే కనుక్కుని వాడింది. అలా నెమ్మదించగలిగేలాగే ఫ్యాను మోటారును తయారు చేస్తారు, అది ఒక్కటి చేర్చమనండి.

హంటర్ రోడ్డులో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. పరీక్షలు అయ్యాక ఒక రోజు పాపను తీసుకుని రండి, నేనూ వస్తాను. వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తెమ్మనండి.